దేవుడి పక్కన చోటు

ఆ వానాకాలం మా నాన్న ఒక బల్లకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. ఆ తరవాత ఇరవై రోజులు దాని మీద ఒక్క మనిషి కూర్చోలేదు.

జి.మాడుగుల దాటి ఎగువకు పోయే దారిలో మా జంక్షన్ ఉంది. అక్కడ నాన్నది కిరాణా కొట్టు. వరహాలరావు కొట్టు అంటే ఆ చుట్టుపక్కల కొండల మీద అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ళ కిందట గజపతినగరం వైపు నుంచి ఒక్క రేకు పెట్టెతో వచ్చాడట. మాట మెత్తన, తూకం సరి. ఒక్క నియమం మాత్రం ఉండేది. కొట్టు ముందు ఎవరూ కూర్చోకూడదు.

"ముందర పది మంది కూకుంటే పదకొండోవోడు లోపలికి ఎలాగొస్తాడు?" అనేవాడు.

సంత రోజు కొండ దిగి వచ్చినవాళ్ళు ఉప్పూ, కిరసనాయిలూ, సబ్బులూ కొనుక్కుని, వానొస్తే చూరు కింద నిలబడి, తగ్గాక వెళ్ళిపోయేవారు. నిలబడేవారు. అది నాకెప్పుడూ వింతగా అనిపించలేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. బీఎస్సీ పూర్తిచేసి, డీఎస్సీకి చదువుకుంటూ, మధ్యాహ్నాలు కొట్లో కూర్చునేదాన్ని. అయినా నాకు కనబడలేదు.

ఆగస్టులో గెడ్డ పొంగి కల్వర్టు కొట్టుకుపోయింది. బస్సు, జీపులు, ఆటోలు అన్నీ మా జంక్షన్లోనే ఆగిపోయాయి. ఊళ్ళవాళ్ళే సిల్వరోకు దుంగలు పరిచి గెడ్డ మీద దారి వేసుకున్నారు. దాని మీంచి మనిషి నడవొచ్చు, మోటారు సైకిలు పోవచ్చు. అంతకు మించి ఏదీ పోదు. అక్కణ్ణుంచి నేరేడుపుట్టు తొమ్మిది కిలోమీటర్లు, అంతా ఎక్కుడే.

నేరేడుపుట్టు నుంచి శ్రావణి అనే పిల్ల రోజూ దిగేది. ఇంటర్ రెండో ఏడు. పొద్దున్నే నడిచి వచ్చి, మా జంక్షన్లో ఆటో ఎక్కి కాలేజీకి పోయేది. సాయంత్రం నాలుగున్నరకి తిరిగొచ్చి, పుస్తకాలకి ప్లాస్టిక్ కవరు చుట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కడం మొదలెట్టేది. హాస్టల్లో ఉండొచ్చు కదా అంటే కుదరదు. తల్లీ తండ్రీ లేరు. ఇంట్లో చూపు లేని నానమ్మ. తాత పేరు సోంబరు, పనులకి పోతాడు. పొద్దుగూకేసరికి ముసలావిడ దగ్గర ఎవరో ఒకరుండాలి.

ఒకరోజు చూరు కింద నిలబడి అడిగింది. "అక్కా, కాలేజీకి పోకుండా, ప్రైవేటుగా ఫీజు కట్టి పరీక్ష రాయొచ్చా?"

"ఎందుకే?"

"తాత దసరా దాకా చూస్తానన్నాడు. ఆ తరవాత మానిపించేస్తాడట. తోవలో ఎలుగులు తిరుగుతున్నాయని."

చెప్పేటప్పుడు ఏడవలేదు. కవరు ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని వెళ్ళిపోయింది.

నాకు వేరే పని చేతకాదు. లెక్కపెట్టడం వచ్చు. మర్నాడు బిస్కట్ల అట్ట వెనక పెన్సిలుతో గీతలు గీశాను. నాలుగున్నర నుంచి ఆరు దాకా ఎగువకు పోయిన బళ్ళు ఇరవై మూడు. వాటిలో వెనక సీటు ఖాళీవి పదిహేడు. పంతుళ్ళు, సెల్ టవరు మెకానిక్కులు, గిన్నెలమ్మేవాళ్ళు, కాఫీ గింజలు బేరమాడేవాళ్ళు. అందరూ ఆ పిల్ల పక్కనుంచే పోయారు.

ఎదురుగా తవిటమ్మత్త టీ బడ్డీ. అట్ట పట్టుకెళ్ళి చూపించాను.

"అడిగితే కదే ఎక్కించుకోడానికి!" అంది. "ఆళ్ళడగరు, ఈళ్ళాపరు. మద్దిలో నువ్వేటే గింజుకుంటావు?"

అక్కడే గంగరాజు టీ తాగుతున్నాడు. కాఫీ కొనడానికి వారానికి నాలుగు రోజులు ఆ కొండలన్నీ తిరిగే మనిషి. "నా తప్పేటుంది బిందూ? రోడ్డెమ్మట నిల్సున్నోళ్ళలో ఎగువకెల్లేది ఎవులో, ఊరికే నిల్సున్నది ఎవులో నాకేటి తెలుస్తాది? ఆడపిల్ల కాడ బండాపితే రేపు నన్నేటంటారు?"

ఆ మాటా నిజమే. శ్రావణిని అడిగితే తల అడ్డంగా ఊపింది. "చెయ్యెత్తి అడగడం మావాళ్ళకి అలవాటు లేదక్కా. అడిగి లేదనిపించుకుంటే ఆ పూట ముద్ద దిగదు."

అంటే, అడక్కుండానే అడిగే చోటు ఒకటి కావాలి. ఒక బల్ల. దాని మీద కూర్చున్నారంటే ఎగువకు పోవాలని అర్థం. బండి ఖాళీగా ఉంటే ఆపుతారు. రాత్రంతా ఆలోచించి నేను కనిపెట్టింది ఇంతే.

రోలింగ్ షట్టరు పెట్టక ముందు మా కొట్టుకి చెక్క తలుపులుండేవి. నిలువు పలకలు, వేగిస చెక్కవి. వరస తప్పకుండా నాన్న వాటి మీద తారుతో అంకెలు వేసుకున్నాడు, ఒకటి నుంచి తొమ్మిది దాకా. పొద్దున్నే ఒక్కోటీ తీసి, రాత్రి ఒక్కోటీ గాడిలో దింపేవాడు. షట్టరు వచ్చాక కూడా అమ్మలేదు, పెరట్లో రేకు కింద పేర్చి ఉంచాడు. రెండు పలకలిమ్మన్నాను.

"ఏటికి?"

"బల్లకి."

"ఎక్కడేత్తావు?"

"కొట్టు ముందర."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. లోపల్నుంచి అమ్మ అంది. "మన గుంట బస్సెక్కి సదువుకుంది. ఆ గుంట కాళ్ళీడ్చుకుంటా సదువుతోంది. ఇచ్చీరాదా?"

నాన్న కళ్ళజోడు పెట్టుకుని, "నాలుగూ అయిదూ తీసుకో. ఒకటోది ముట్టుకోకు," అన్నాడు.

పలకలు తనే మోసుకొచ్చాడు. సిమెంటు ఇటుకల మీద అటూ ఇటూ చూసి, ఊగకుండా సరిచేశాడు. నేను రేకు మీద రాశాను: ఎగువకు వెళ్ళేవారు ఇక్కడ కూర్చోండి. బండివారు దయచేసి ఆపండి. అంతటితో ఊరుకుంటే సరిపోయేది.

"కొత్త వస్తువు ఊరికే వాడతారేటే?" అన్నాడు నాన్న. కాటాకీ, ఫ్రిజ్జుకీ, బండికీ చేసినట్టే దీనికీ చేశాడు. పసుపు పొట్లం చేతిలోంచి జారి ఎడమ చివర అంతా ఒలికింది. వాన తుంపరకి అది తడిసి చెక్కలోకి దిగిపోయింది. దాని మీద కుంకుమ బొట్లు, పక్కన కొబ్బరి చెక్కలు.

మర్నాడు కొండ దిగినవాళ్ళు బల్ల చూసి ఆగారు. చెప్పులు విడిచారు. దండం పెట్టుకుని, చుట్టూ తిరిగి, చూరు కింద నిలబడ్డారు. మూడో రోజుకి ఎవరో బంతిపూలు పెట్టారు. అయిదో రోజుకి అగరొత్తి వెలిగింది. బళ్ళు మాత్రం ఆగడం మొదలెట్టాయి, దండం కోసం. గంగరాజు హారన్ కొట్టి, గుండె మీద చెయ్యేసుకుని మరీ పోయాడు, వెనక సీటు ఖాళీగా.

"బాగున్నాదే గుంటా!" అని తవిటమ్మత్త పడీపడీ నవ్వింది. "బండెక్కించమంటే గుడెట్టినావు!"

సబ్బూ కొబ్బరి పీచూ పట్టుకుని కడగబోయాను. నాన్న కోప్పడ్డాడు. "ఎట్టిన బొట్టు కడిగీసిన కాడ ఎవుడు కూకుంటాడే?" అయినా కడిగాను, లాభం లేకపోయింది. వేగిస చెక్క పసుపుని వదల్లేదు. నువ్వైనా కూర్చోవే అంటే శ్రావణి రెండడుగులు వెనక్కి వేసింది. "తాత చంపేస్తాడక్కా."

అలా ఇరవై రోజులు. ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కుతూనే ఉంది. దసరా దగ్గర పడుతూనే ఉంది.

దసరా ముందు సంతకి సోంబరు వచ్చాడు. కావిడి నిండా అల్లం. పొడుగ్గా, ఎండిన వెదురులాగా ఉండే మనిషి. అల్లం అమ్మేశాక, శ్రావణి ఆటో దిగే వేళకి చూరు కింద నిలబడి, నాకు చెప్పాల్సిన మాట చెప్పాడు.

"ఈ వారంతో సరి పాపా. పుస్తకాలంటే నాకు కోపం కాదు. దాని కాళ్ళు సూడు."

చూశాను. బురదలో నాని, వేళ్ళ సందులన్నీ ఒరిసి ఎర్రగా ఉన్నాయి. శ్రావణి కాలి మీద కాలు వేసి దాచుకుంది. 

అప్పుడు గల్లా దగ్గర్నుంచి నాన్న గొంతు వినబడింది. "వానలో నిలబడ్డావేటి సోంబరూ. ఆ బల్ల మీద కూకో."

నాన్న నోట ఆ మాట వినడం అదే మొదలు. సోంబరు నవ్వాడు. "దేముణ్ణి కూకోబెట్టి నన్నూ కూకోమంటావేటి సావుకారీ?"

"దేముడేటి? అది మా కొట్టు తలుపు చెక్క!"

"పసుపెట్టింది నువ్వే. ఇప్పుడు కాదంటే ఎలాగ?"

 సోంబరు చాలాసేపు బల్లకేసి చూశాడు. తరవాత, పక్కూరికి దారి అడుగుదామన్నంత మామూలుగా అన్నాడు. "అడిగి సూద్దాం."

"ఎవర్ని తాతా?"

"కూకున్నోణ్ణి."

ఆ కొండల్లో విత్తనం చల్లాలన్నా, ఇంటికి నిట్రాట పాతాలన్నా ముందు కోడిపిల్లని అడుగుతారు. గింజలు తిందంటే దేవుడు ఒప్పుకున్నట్టు. తినకపోతే ఆ పని మానుకోవాలి, అంతే. సోంబరు సంతలో ఎవరి బుట్టలోంచో ఒక ఎర్ర కోడిపిల్లని తెచ్చాడు. నాన్నని బియ్యం అడిగాడు. బల్లకి ఆ చివరా ఈ చివరా గుప్పెడేసి పోశాడు. తన భాషలో, కింది గొంతుకతో, ఏదో చెప్పడం మొదలెట్టాడు. వేడుకోవడంలా లేదు. ఇంటికొచ్చిన చుట్టానికి సంగతి విడమరిచి చెబుతున్నట్టుంది. మధ్యలో శ్రావణి పేరు వినబడింది. సంత సగం మా కొట్టు ముందు గుమిగూడింది.

కోడిపిల్లని పసుపు చివర దింపాడు. అది బియ్యం కేసి చూసింది. ఒక కాలెత్తి నిలబడింది. తినలేదు.

"సావుకారి బియ్యం కోడికి కూడా నచ్చనేదురోయ్!" అంది తవిటమ్మత్త.

"సోనా మసూరి అది!" అని నాన్న ఉడుక్కున్నాడు. జనం నవ్వారు. శ్రావణి నవ్వలేదు. చూరు గుంజని రెండు చేతులా పట్టుకుని ఉంది. నేను చదివింది జంతుశాస్త్రం. కోడి ఎందుకు తింటుందో, ఎందుకు తినదో పరీక్షలో రాయగలను. ఆ నిమిషాన మాత్రం, తినవే తల్లీ అని లోపల్లోపల మొక్కుకున్నాను.

కోడిపిల్ల ఒళ్ళు విదిలించుకుంది. పలక మీద నాలుగు అంకె తొక్కి, మెల్లగా నడుచుకుంటూ రెండో చివరకి పోయింది. అక్కడ తల వంచి టకటకా తినడం మొదలెట్టింది. ఒక్క గింజ మిగల్చలేదు.

సోంబరు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఆ సివర ఆయనుంచుకున్నాడు. ఈ సివర మనకొగ్గేసినాడు."

"ఆయన కూడా బండి కోసమే కూకున్నాడేమో!" అన్నాడు గంగరాజు. ఈసారి అందరూ నవ్వారు, శ్రావణి కూడా.

"పసుపెట్టినోడు ముందు కూకోవాల," అన్నాడు సోంబరు.

నాన్న గల్లా దిగి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. కొట్టు ముందు కూర్చుని రోడ్డు చూడటం ఆయనకి అదే మొదటిసారి. బల్ల మధ్యలో, ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు. దాంతో రెండో మనిషికి చోటు లేకుండా పోయింది. సోంబరు నిలబడే ఉన్నాడు.

"జరుగు సావుకారూ!" అని అరిచింది తవిటమ్మత్త.

నాన్న జరిగాడు. సోంబరు పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, రోడ్డుకేసే చూస్తున్నారు.

"వాన తగ్గేలాగ నేదు," అన్నాడు నాన్న.

"తగ్గదు," అన్నాడు సోంబరు.

గంగరాజు బండి స్టార్టు చేసి బల్ల ముందుకి తెచ్చాడు. "దేముడి పక్కన కూకున్న మనిషిని వొగ్గేసెల్తే ఘాటీలో నా టైరుంటాదేటి? ఎక్కు తాతా. బేగి."

సోంబరు వెంటనే ఎక్కలేదు. ఆ సాయంత్రం స్కూటీ మీద ఎగువకు పోతున్న ఆసుపత్రి నర్సమ్మ ఆగి శ్రావణిని ఎక్కించుకున్నాక, ఆ స్కూటీ వెనకే గంగరాజు బండి మీద కదిలాడు. మానిపిస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తరవాత బల్ల తన పద్ధతులు తనే ఏర్పరచుకుంది. పసుపు చివర ఎవరూ కూర్చోరు. మిగతా చోట ఎవరైనా కూర్చోవచ్చు. ఆడపిల్ల ఎవరి బండెక్కినా తవిటమ్మత్త బడ్డీలోంచి జంక్షనంతా వినబడేలా కేకేసేది. "ఓయ్ పంతులూ! సోంబరు మనవరాలు నీ బండెక్కింది, నాను సూసినాను!" ఆ కేక వినబడ్డాకే బండి కదలనివ్వమని సోంబరు మనవరాలికి చెప్పాడు. టవరు మెకానిక్కు ఒకడు బల్ల పక్కన మేకు కొట్టి పాత గొడుగు తగిలించాడు. వారం తిరక్కుండా గొడుగులు మూడయ్యాయి. ఎగువనుంచి ఎవరో ఆనపకాయ తెచ్చి, ఎవరికని చెప్పకుండా పెట్టి పోయారు. సాయంత్రానికి అదెవరో పట్టుకెళ్ళారు. నేను రాసిన రేకు గాలికి ఊడిపోతే మళ్ళీ కట్టలేదు. దాని అవసరం పోయింది.

కొండవాలులన్నీ వలిసె పూలతో పచ్చబడ్డాయి. పండక్కి మానేయాల్సిన పిల్ల కార్తీకంలో అర్ధసంవత్సరం పరీక్షలకి చదువుతోంది.

ఆ కార్తీకంలోనే ఒక సాయంత్రం తుపాను వాన పట్టింది. తవిటమ్మత్త బడ్డీ మూసేసింది. ఎగువకు పోయేవాళ్ళు మధ్యాహ్నమే పోయారు. అయిదున్నరకి బల్ల మీద శ్రావణి ఒక్కతే ఉంది, ఒళ్ళో సంచీ, నెత్తిన ఎవరిదో గొడుగు. అరగంటగా ఒక్క బండీ రాలేదు.

"ఈ పూట మా ఇంట్లో ఉండిపోవే," అన్నాను.

"తాత కాఫీ పళ్ళ కోతకి పోయాడక్కా, రేపటిదాకా రాడు. నానమ్మకి పొయ్యి వెలిగించాలి." లేచి, చెప్పులు తీసి చేత్తో పట్టుకుంది.

నాన్నకి బండి ఉంది. ముప్పై ఏళ్ళుగా ఏ బండి కొన్నా దిగువకే నడిపాడు, సరుకు కోసం. ఎగువకి ఒక్కసారీ పోలేదు. ఎగువవాళ్ళే కదా ఆయన దగ్గరికి దిగొస్తారు.   నాన్న షట్టరు సగానికి లాగాడు. యూరియా సంచీ మడిచి నెత్తిన వేసుకున్నాడు. బండి తీసి బల్ల ముందు ఆపి, చెయ్యి చాచి పసుపు చివరని ఒకసారి ముట్టుకున్నాడు.

"ఎక్కమ్మా."

ఏడున్నరకి తిరిగొచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. వేడినీళ్ళు పోసుకుని అన్నానికి కూర్చున్నాడు. సగం తిన్నాక చెప్పాడు.

"ముసిలావిడ నన్ను మంచం మీద కూకోబెట్టింది. తను కిందే ఉంది. కళ్ళు కనబడవు కదా. నాను కూకున్నానో నేదో అని సేత్తో తడిమి సూసింది."

అమ్మ చారు గిన్నె ముందుకు జరిపింది.

"కూకున్నానని తెలిసినాకే ఆ గుంటని నీళ్ళు తెమ్మంది," అని చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి పెరట్లో చప్పుడు. నాన్న రేకు కింద నుంచి మిగతా పలకలు లాగుతున్నాడు. ఆరూ ఏడూ చూరు కింద గోడ వారగా, ఇటుకల మీద ఇంకో బల్లగా పరిచాడు. వెడల్పు చాల్లేదు. కాసేపు నిలబడి చూసి, వెళ్ళి ఒకటోది తెచ్చాడు. కొట్టు తెరిచిన మొదటి రోజు గాడిలోంచి తీసిన పలక అది. దాన్నీ పక్కనే వేశాడు. ఈసారి పసుపు పెట్టలేదు.

సంక్రాంతి వెళ్ళాక కల్వర్టు పూర్తయింది. బస్సు మళ్ళీ ఎగువకు పోయిన మొదటి సాయంత్రం, శ్రావణి బల్ల మీద కూర్చుని ఫిజిక్సు రికార్డు రాసుకుంటోంది. రెండు నెలల్లో పరీక్షలు. సందడి లేని వేళ, నాన్న కూడా పక్కనే కూర్చుని ఉన్నాడు. అది ఈ మధ్య ఆయనకి అలవాటైంది. బస్సు బల్ల ముందే ఆగింది. శ్రావణి రికార్డు మూసి, పసుపు చివరని చేత్తో తాకి, ఎక్కింది. కిటికీ లోంచి నాకు చెయ్యూపింది. కాళ్ళకి చెప్పులున్నాయి.

బస్సు దుమ్ము తగ్గాక రోడ్డవతల ఒకావిడ కనబడింది. ఎవరో నాకు తెలీదు. నెత్తిన అడ్డాకుల మోపు. బస్సు తప్పిపోయినట్టుంది. బల్లకేసి చూసింది, కూర్చోవచ్చో లేదో అని కాబోలు, అక్కడే ఆగింది.

తవిటమ్మత్త బడ్డీలో లేదు. నేను నోరు తెరవబోయాను.

నాన్న అప్పటికే జరిగాడు.